కానుగ నీడన గుల్లలు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. జీవన్ కుమార్‌ది నోరు జారిన మాట కూడా కాదు. పరికరం పెట్టి కొలిచి, నోటు పుస్తకంలో రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని మరీ చెప్పిన మాట. అందుకే అది అంత లోతుగా దిగబడింది. ఏ వదరుబోతో అన్న మాటైతే ఊరు ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉండేది.

డిసెంబరు మొదటి ఆదివారం అతను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సులో వచ్చి, అక్కడ ఉయ్యాలవాడ వైపు పోయే ఆటో ఎక్కాడు. నలభై రెండేళ్ల మనిషి. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాడు. ఒళ్లో నీలం అట్ట వేసి బంగారు అక్షరాలు అద్దిన లావు పుస్తకం ఒకటి ఉంది. ఏడేళ్ల తిప్పల తర్వాత వచ్చిన డాక్టరేటు అదే. ఇస్త్రీ చొక్కా చూస్తే పెళ్లికి పోతున్నాడనిపిస్తుంది గానీ, లోపల మాత్రం పంచాయితీకి పిలిచినవాడి దడే.

మత్తయి వారం కిందట ఫోన్ చేశాడు. "సార్, డాక్టరేటు వచ్చిందంట గదా. మా చర్చిలో మీకు శాలువా కప్పాలనుకుంటాండాం. పుస్తకం గూడా తెండి, మా ఏటి మీద ఏం రాసినారో అందరికీ చదివి చెబుదురు." జీవన్ ఆ ఆదివారం పని ఉందన్నాడు. పై ఆదివారం పెట్టుకుందామన్నాడు మత్తయి. ఒంట్లో బాగాలేదన్నాడు. అయితే ఇంటికే వచ్చి తీసుకుపోతామన్నాడు. పక్కన వింటున్న జెస్సికా, "పిలిచి గౌరవిస్తామంటే మీకెందుకండీ అంత బెట్టు, పోయి రండి" అని భర్తను కోప్పడింది. ఆమెకు అసలు సంగతి తెలియదు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆమె దగ్గర దాచిన విషయం ఇదొక్కటే, అదీ నూట నలభై మూడో పేజీలో ఒకే ఒక వాక్యం.

ఆ వాక్యం సంగతికి వచ్చే ముందు గుల్లల సంగతి చెప్పాలి.

కుందూ ఏటి అడుగున ఇసుకలో సగం దూరి బతికే ఆల్చిప్పలను ఆ ఊళ్లో గుల్లలంటారు. పచ్చి మామిడికాయ చెక్కు తీయడానికీ, పసిపిల్లలకు మందు తాగించడానికీ వాటి చిప్పలు వాడతారు. అన్నిటికంటే పెద్ద వాడకం ఇంకొకటుంది. ఊరి చర్చికి ప్రతి క్రిస్మసుకూ గుల్ల సున్నమే కొడతారు. వేసవిలో నీరు తగ్గాక ఒడ్డున తేలిన ఉత్త చిప్పలు ఏరి, పిడకలు పేర్చి కాల్చి, నీళ్లు పోసి విరిచి, గుడ్డతో వడకట్టి, చిటికెడు నీలిమందూ కాస్త తుమ్మబంకా కలిపి కొట్టే తెల్లదనం అది. చర్చి కట్టిన నాటి నుంచీ ఆ పని ఒకే ఇంటిది. అత్త నుంచి కోడలికి దిగుతూ ఇప్పుడు సుగుణమ్మ చేతికి వచ్చింది. సుగుణమ్మ మత్తయికి వదిన, చనిపోయిన అన్న భార్య. వేరే సంఘాల వాళ్లు కానుకల పెట్టెలో వేసేదాన్ని మేం గోడకు పూస్తాం అనేది ఆమె.

ఆ చిప్పలు తేలే చోటు మత్తయి చేని అంచు. అక్కడ ఏటి గట్టున పదకొండు కానుగ చెట్లుండేవి. వాటి వేళ్లు నీళ్లలోకి దిగి ఉండేవి, వాటి కింద జమ్ము ఒత్తుగా పెరిగేది. నీడ పడి చేనిలో మూడు సాళ్ల పంట గిడసబారుతుందని మత్తయికి ఎప్పుడూ కడుపుమంటే. కానీ అన్న పోయే ముందు ఆ చెట్ల మీద గొడ్డలి పెట్టనని అతనికి మాటిచ్చాడు. మాట మీద నిలబడి ఏళ్ల తరబడి గొణుక్కుంటూనే ఓర్చుకున్నాడు.

అలాంటి చోటికి మూడేళ్ల కిందట జీవన్ కుమార్ వచ్చాడు. గట్టు మీది చెట్టూ చేమా ఆల్చిప్పల ఎదుగుదలను ఎలా మారుస్తాయన్నది అతని పరిశోధన. ఇనుప జల్లి బుట్టలు చేయించి, కానుగల నీడన కొన్ని, దిగువన బర్రెలు దిగే బోడి గట్టు దగ్గర కొన్ని నీళ్లలో దించాడు. ఒక్కో బుట్టలో బతికున్న గుల్లలు, ఒక్కో గుల్ల వీపున జెస్సికా గోళ్ల రంగుతో ఎర్రటి అంకె. మత్తయి ఆ బుట్టలకు కాపలా కాసేవాడు. బర్రెలను తోలేవాడు. సారు వచ్చినప్పుడల్లా ఇంట్లో జొన్నరొట్టె పెట్టేవాడు. కూలి ఇస్తానంటే, "దుడ్లు ఏం జేసుకుంటా సార్, నాకూ ఒగ ముక్క తెలుస్తాంది గదా" అనేవాడు.

అక్టోబరులో దించిన గుల్లలను ఫిబ్రవరిలో తీసి కొలిస్తే లెక్క స్పష్టంగా తేలింది. ఎండ తగిలే బోడి గట్టువి నీడలో వాటికంటే రెట్టింపు ఎదిగాయి. వెలుతురుంటే నీళ్లలో పాచి పెరుగుతుంది, ఆ పాచే గుల్లకు తిండి. నీడన తిండి తక్కువ. పుస్తకాల్లో చదివింది తన చేతుల మీదుగా రుజువయ్యేసరికి జీవన్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. నంద్యాలలో అతని లెక్కలు వినే నాథుడు లేడు. ఇక్కడ మత్తయి రొట్టె కంచం ముందు పెట్టి మరీ అడిగాడు.

"ఏం సార్, గుల్ల ఏమంటాంది?"

"చెట్ల కింద ఎదగడం లేదన్నా. ఎండలో ఉండేవి రెట్టింపు ఎదుగుతున్నాయి."

మత్తయి చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయాడు. "ఈ మాట మా వదిన ముందర ఒగసారి చెప్పండి సార్" అన్నాడు.

సుగుణమ్మ అరుగు మీద కూర్చుని చిప్పలు కడుగుతోంది. జీవన్ రెండు అరచేతుల్లో రెండు గుల్లలు పెట్టి, మందం కొలిచే వెర్నియర్ బిగించి, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఆమెకు వివరించాడు. "విన్న్యావా వదినా, సారే చెప్తాండాడు" అన్నాడు మత్తయి. సుగుణమ్మ గుల్లలను చూసి ఏదో ఒక మాట అంది. జీవన్ అప్పుడు వెర్నియర్ స్కేలు సరిచేసుకుంటున్నాడు. పెద్దావిడ ఏదో అంది, అంతే. ఆమె మళ్లీ అనలేదు. చిప్పల గంప ఎత్తుకుని లోపలికి పోయింది.

ఏడాది తిరగకుండా ఏ లెక్కా ఎవరికీ చెప్పొద్దని అతని గైడు మొదటి రోజే హెచ్చరించాడు. చెప్పకూడదని జీవన్‌కు తెలుసు. తెలిసే చెప్పాడు. అడిగేవాళ్లు దొరికారన్న ఆనందం అలాంటిది.

మార్చిలో మత్తయి కానుగలు కొట్టించాడు. జేసీబీ తెచ్చి జమ్మును వేళ్లతో సహా పెరికించాడు. ఆ సంగతి జీవన్‌కు ఏప్రిల్‌లో వచ్చినప్పుడు తెలిసింది. గట్టు గుండు కొట్టించుకున్నట్టు ఉంది. "మీ గుల్లలకు ఎండ బాగా తగులుతాంది సార్ ఇంగ" అన్నాడు మత్తయి, బహుమానం చూపించినంత సంబరంగా. తన మాటే ఇంత పని చేసిందని జీవన్‌కు అర్థమైంది. అయినా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అతనికి తన ముఖం మీదే అసహ్యం వేస్తుంది.

మేలో నీళ్లు మోకాలి దాకా దిగిపోయాయి. మిట్టమధ్యాహ్నం ఏటిలో చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా తగిలాయి. మొదట బోడి గట్టు గుల్లలు నోళ్లు తెరిచాయి, బాగా ఎదిగినవే ముందు పోయాయి. వాటి వెనకే కానుగల చోటువీ పోయాయి. ఆ చెట్లు ఉండి ఉంటే అక్కడి నీళ్లు చల్లగా ఉండేవి, నెమ్మదిగా ఎదిగినా బతికేవి. ఎన్నో ఎండాకాలాలు అలా గట్టెక్కినవే కదా అవి. జూన్‌లో వానకు, పట్టుకునే వేళ్లు లేక గట్టు విరిగి ఏటిలో పడింది. ప్రాణంతో మిగిలిన నాలుగు గుల్లలూ ఆ ఒండ్రు కింద పూడుకుపోయాయి.

ఆ ఏడు ఒడ్డంతా తెల్లటి చిప్పలే. సుగుణమ్మ ఎన్నడూ ఏరనన్ని ఏరింది. ఆ క్రిస్మసుకు చర్చి ఎన్నడూ లేనంత తెల్లగా మెరిసింది. పై ఏడు గంప పట్టుకుని ఒడ్డు వెంట మూడు రోజులు తిరిగి ఖాళీ గంపతో వచ్చింది. ఆ రోజు నుంచీ ఆమె మరిదితో మాట్లాడటం మానేసింది.

జీవన్‌కు మాత్రం కలిసొచ్చింది. "చెట్లున్నప్పుడు, చెట్లు పోయాక అని రెండు లెక్కలూ ఒకే చోట దొరకడం ఎంత అదృష్టమయ్యా" అని గైడు భుజం తట్టాడు. ఏళ్ల తరబడి కదలని పరిశోధన ఎనిమిది నెలల్లో పూర్తయింది. చెట్లు ఎందుకు పోయాయో ఒక వాక్యంలో రాయాల్సి వచ్చినప్పుడు జీవన్ ఇంగ్లీషులో ఇలా రాశాడు: అవగాహన లేని స్థానిక రైతు ఒకరు ఒడ్డున ఉన్న చెట్లను నరికివేశారు. గైడు దాంట్లో 'స్వార్థంతో' అని ఒక మాట చేర్చాడు. జీవన్ దాన్ని తీసెయ్యలేదు.

ఆటో చర్చి ముందు ఆగింది. మత్తయి ఎదురొచ్చి పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, ఈ రెండేళ్లలో చిక్కిపోయాడు. చర్చి గోడలకు ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన డబ్బా రంగు వేశారు. లోపల ఇంకా ఆ వాసన పోలేదు. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో సుగుణమ్మ కూర్చుని ఉంది. జీవన్ నమస్కారం పెడితే తల ఊపింది.

పాస్టరు ప్రేమ్ సాగర్ కుర్రవాడు, మంచి మాటకారి. శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "మన మత్తయి అన్న తెలివితక్కువ పనికి ఏరు పాడైపోయినా, దేవుడు సార్‌ను పంపి ఆ కీడు యాడ జరిగిందో బయటపెట్టినాడు" అన్నాడు. కొందరు నవ్వారు. మత్తయి కూడా తల వంచుకుని నవ్వాడు. "నా బుద్ధి గడ్డి తినిందప్పా" అన్నాడు.

అప్పటికి జీవన్‌కు అర్థమైంది. మత్తయి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్లుగా ఊరు తిడుతుంటే, వదిన మొహం తిప్పుకుంటుంటే, సారు చెప్తేనే కొట్టానని ఒక్కసారి కూడా అనలేదు. పిలిచి తిడతారేమోనని భయపడుతూ వచ్చాడు. శాలువా బరువు ముందు ఆ తిట్లే నయమనిపించింది.

"చదవండి సార్" అన్నారు ఎవరో. జీవన్ పుస్తకం తెరిచాడు. అక్కడున్న ఎవరికీ ఆ ఇంగ్లీషు రాదు. తనేం చదివితే అదే అందులో ఉన్నట్టు.

"మా ఊరి పేరు ఉందా సార్ దాంట్లో?" అడిగాడు మత్తయి చాప మీద నుంచి.

"ఉంది."

"నా పేరు?"

జీవన్ పేజీ వైపు చూశాడు. "ఉందన్నా" అన్నాడు. చూపుడు వేలు నూట నలభై మూడో పేజీ మీదే పెట్టి, లేని వాక్యం చదివాడు. "ఈ పనిలో మత్తయి గారు ఎంతో సహాయం చేశారు."

మత్తయి తువ్వాలుతో కళ్లు అద్దుకున్నాడు. పక్కకు తిరిగి ఆడవాళ్ల వైపు వదినను చూశాడు. ఆమె అతని వైపు కాదు, సూటిగా జీవన్ వైపే చూస్తోంది.

పాట అయ్యాక పాస్టరు అలవాటు ప్రకారం, సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవండన్నాడు. ఆ చర్చిలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి దేవుడు చేసిన మేలు చెప్తారు. ఆ రోజు లేచింది మత్తయి.

"నేను చేసిన తప్పుకు గుల్ల ఎగిరిపోయింది. మా వదిన చేతి సున్నం ఆగిపోయింది" అన్నాడు. "దేవుడు నన్ను ఇడిసిపెట్టినాడనుకున్న్యా. అట్లాంటోని పేరు గూడా సార్ పుస్తకంలోకి ఎక్కించినాడు. నాకు ఇది చాలు."

అతను కూర్చోకముందే జీవన్ లేచాడు. మైకు తీసుకోలేదు.

"ఆ పేరు దీంట్లో లేదు. నేను అబద్ధం చదివినా" అన్నాడు. చదువుకున్న తెలుగు ఎక్కడికో పోయి చిన్నప్పటి మాట బయటికొచ్చింది. "చెట్ల కింద గుల్ల ఎదగడం లేదని చెప్పింది నేను. నాలుగు నెలలు చూసి చెప్పినా. ఎండాకాలం రాకముందే చెప్పినా. చెప్పకూడదని తెల్సు. చెప్పినా."

మత్తయి పుస్తకం వైపు చెయ్యి చూపి అడిగాడు. "మరి దాంట్లో ఏముంది సార్? ఉన్నది ఉన్నట్టు చదవండి."

జీవన్ చదివాడు. అవగాహన లేని, స్వార్థం, రైతు, ఏ మాటా మింగకుండా తెలుగులో చెప్పాడు.

"స్వార్థమనేది నిజమే" అన్నాడు మత్తయి నెమ్మదిగా. "మూడు సాళ్ల కోసరం ఆశపడినా. అవగాహన లేదన్నారే, అదే..." అని ఆగి తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "మిమ్మల్ని అడిగే గదా సార్ కొట్టినా."

జీవన్ శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు.

సుగుణమ్మ లేచి వచ్చింది. "ఆ మాట కొట్టేసేకి అయితాదా?" అంది.

"అచ్చయిపోయిందక్కా. యూనివర్సిటీలో ఉండేవాటిని నేను మార్చలేను. రాసి పంపిస్తా, వాళ్లు వేస్తారో లేదో."

"ఈ పుస్తకం మీదే గదా. ఈడ పక్కన రాయి. తెలుగులో రాయి, వాడు చదువుకోవాల. ఇది చర్చి బీరువాలో ఉంటాది."

పాస్టరు జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. జీవన్ నిలబడే, బల్ల మీద వంగి, అచ్చు వాక్యం పక్క ఖాళీలో రాశాడు. మత్తయి కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివాడు. "చెట్లు కొట్టమని చెప్పింది నేనే. జీవన్ కుమార్."

చదివి తల అడ్డంగా ఊపాడు. "కొట్టమన్లేదు సార్ మీరు. గుల్ల ఎదగలేదని చెప్పినారు, అంతే. గొడ్డలి నాది. అన్నకు ఇచ్చిన మాట తప్పింది నేను. ఉన్నది రాయండి."

పదేళ్లుగా పిల్లలకు సరిగ్గా కొలవడం నేర్పుతున్న జీవన్ కుమార్ రాసింది కొట్టేసి, మత్తయి చెప్పినట్టు మళ్లీ రాశాడు. ఎవరి మాట ఎంతవరకో, ఎవరి గొడ్డలి ఎక్కడిదాకానో రాశాడు. మత్తయి మళ్లీ చదివి, సరే అన్నట్టు పక్కకు జరిగాడు.

"మత్తయ్యా" అంది సుగుణమ్మ. ఇన్నాళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోట వినపడేసరికి చర్చిలో అందరూ తల తిప్పారు. "ఆ పొద్దు నేను గూడా ఆడనే ఉంటి గదా?"

"ఉంటివి వదినా."

ఆమె జీవన్ వైపు తిరిగింది. "అయితే నేనన్న మాట గూడా రాయి."

జీవన్ పెన్ను కాగితం మీద ఆనించాడు. ఆనించినవాడు అక్కడే ఆగిపోయాడు. అరుగు గుర్తొచ్చింది, గంప గుర్తొచ్చింది, కడిగిన చిప్పల తడి గుర్తొచ్చింది. వెర్నియర్ ఆ రోజు ఏ గీత మీద ఆగిందో కూడా గుర్తుంది. ఆమె మాట మాత్రం లేదు. ఆరు నోటు పుస్తకాల్లో ఎక్కడా లేదు. రాసుకోకపోవడం కాదు, అసలు వినలేదు.

"ఏమన్నావక్కా?" అన్నాడు తల ఎత్తకుండానే.

సుగుణమ్మకు కోపం రాలేదు. వినలేదని ఆమెకు ఆ రోజే తెలుసు. రాసుకునేవాళ్లకు చెప్పినట్టు ఆగి ఆగి చెప్పింది.

"'ఎండాకాలం పోనీ నాయనా, అప్పుడు కొలువు' అన్న్యా."

జీవన్ రాశాడు. కింద ఆమె పేరు రాసి, పుస్తకం మూసి మత్తయి చేతికిచ్చాడు.